చెదిరిన జీడిపిక్కల వరస

ఆదివారం, రాత్రి

పక్కింటి లక్ష్మి ఈరోజు మా గౌరిని జీడిపిక్కలాటకు పిలిచింది. గౌరికి ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంటికొచ్చి ఆటకు పిలిచినవాళ్లు ఇంతవరకూ లేరు. పిక్కల్ని వరసగా పేర్చి, దూరం నుంచి కొట్టి చెదరగొట్టడమే ఆ ఆట. ఆటిజం ఉన్న నా కూతురు, తను పేర్చింది చెదిరితే తట్టుకోలేదు. అది తెలిసీ, పిలిచారన్న సంతోషంలో పంపేశాను.

మొదటి దెబ్బకే కేకలు వినిపించాయి. నేను వెళ్లేసరికి గౌరి నేలకేసి తల బాదుకుంటోంది. లక్ష్మి చేతి మీద పంటిగాట్లు. గౌరిని ఒడిలోకి లాక్కుని, అది అలిసిపోయేదాకా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"మా పిల్లనింక పంపను వదినా, ఏటీ అనుకోకు" అంది లక్ష్మి తల్లి.

"పిక్కల్ని కొట్టకుండా ఆడుకోలేరా అమ్మా?" అని లక్ష్మిని బతిమాలాను.

"కొట్టకపోతే అదేటాట అత్తా?" అంది ఏడుస్తూనే. దాని తప్పేముంది?

అన్నం తింటూ గౌరి అడిగింది, "రేపు లచ్చిమి వత్తాదా?" అని. మళ్లీ కేకలు పెడుతుందేమోనన్న భయంతో "వత్తాది" అనేశాను. గౌరి మనం ఏదంటే అదే నమ్ముతుంది. పొద్దున్నే లేచి గుమ్మంలో కూర్చుంటుంది. ఎంతసేపు కూర్చుంటుందో...