వెనక టైరులో ఏ లోపమూ లేదని

డిపో మేనేజరు గారికి, దూరపు రూటు బస్సు నడిపే డ్రైవరు గారి కుమార్తె రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా నాన్నగారు దారిలో బస్సు ఆపుటకు గల అసలు కారణము, సోమవారం విచారణలో దానిని దయతో పరిశీలించమని కోరుట.

1. నాన్నగారు రోజూ పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆపుతున్నారని, వెనక టైరు మీద అనుమానమంటున్నారని, టైరు మార్చినా అనుమానం తీరలేదని, కనుక స్టీరింగు నుంచి తప్పించి స్టోరు గదిలో ఎందుకు కూర్చోబెట్టరాదో చెప్పమని తమరు మెమో ఇచ్చియున్నారు. టైరు నిర్దోషి. మెకానిక్కు గారూ నిర్దోషి. నాన్నగారు దిగేది మూత్రవిసర్జన నిమిత్తం.

2. ఈ మాట నేను కాగితం మీద రాయగలను, ఎదుట చెప్పలేను. నాన్నగారు కాగితం మీద కూడా చెప్పలేరు. బస్సు నిండా ఆడవాళ్లు, బడిపిల్లలు ఉండగా ఏమని దిగాలో తోచక మొదటిరోజు టైరు అన్నారట. ఇక ఆ మాటకే కట్టుబడిపోయారు. ఇప్పుడు బంకు రాగానే కండక్టరు అక్కే "బాబాయ్ టైరు చూసొస్తాడు, ఎవరూ కదలకండి" అని కేకేస్తుంది. వెంటనే ముందు సీటు పెద్దాయన "ఒక్కడే ఏం చూస్తాడమ్మా, నేనూ సాయం పోతా" అని దిగుతారు. ఆయన వెనక మరో ఇద్దరు. ఆలస్యమునకు ఇదియు ఒక కారణము.

3. మెమోకు భయపడి నాన్నగారు నీళ్లు తాగడం మానేశారు. ఒకరోజు డ్యూటీ దిగాక మూత్రం అసలు రాకుండా బిగిసిపోయింది. ఆసుపత్రిలో గొట్టం వేసి తీశారు. తరువాత డాక్టరు గారు ఇబ్బంది ఏమిటని అడిగితే, "ఏం లేదండీ, డ్యూటీ కాస్త ఎక్కువైంది" అన్నారట. డాక్టరు గారు తలుపు తీసి, బయట కూర్చున్న నన్ను పిలిచారు. "మీ నాన్న చెప్పేలా లేడు, నువ్వు చెప్పమ్మా." నేను డాక్టరు గారి మొహం చూడలేక, గోడ గడియారంతో చెప్పాను.

4. డాక్టరు గారు తెలిపినది: మూత్రాశయము కింద ప్రొస్టేటు అను గ్రంథి మగవారందరికీ ఉండును. వయసుతో పెరిగి, తన మధ్యనుంచి పోవు మూత్రనాళమును నొక్కును. మాటిమాటికీ వెళ్లాలనిపించును. వెళితే ధార సన్నగా, ఆగి ఆగి వచ్చును. "యాభై దాటిన మగాళ్లలో సగంమందికి ఉండేదే. ఇందులో సిగ్గేమిటయ్యా?" అన్నారు. పరీక్షలు చూసి, క్యాన్సరు ఆనవాళ్లు లేవన్నారు. అప్పుడు గాని నాన్నగారు కుర్చీలో వెనక్కి వాలలేదు. అంతదాకా ఆ భయం మోస్తున్నారని నాకు తెలియదు. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందట. గుణం లేకపోతే ఆపరేషను. ఆపుకోకూడదు, నీళ్లు మానకూడదు.

5. కావున కొంతకాలం నాన్నగారిని ఊళ్లో తిరిగే చిన్న రూటుకు మార్చమని, వీలుకాకపోతే బంకు దగ్గర ఆగడాన్ని టైములో కలపమని ప్రార్థన. స్టోరు గది పక్కనే మరుగుదొడ్డి ఉన్నదని తెలుసు. అయినా వద్దు. అన్నం తినేటప్పుడు కూడా కుడికాలు బ్రేకు మీద పెట్టినట్టే కూర్చునే మనిషి.

సోమవారం ఆయన మళ్లీ టైరే అంటారు. అది నమ్మక, ఇది నమ్మి, తగిన ఉత్తర్వు ఇప్పించగలందులకు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
డ్రైవరు గారి పెద్దమ్మాయి

జత: డాక్టరు గారి చీటీ.

తా.క.: అర్జీ నాన్నగారి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను. "నాలుగోది కొట్టెయ్యి, పరువు పోతుంది" అని కేకేశారు. కొట్టెయ్యలేదు. కాసేపటికి గుమ్మం దాకా వచ్చి, "సరే, ఉండనీ. ఆ డాక్టరు చిరునామా కూడా రాయి" అన్నారు. ఎందుకన్నాను. "మెమో ఇచ్చినరోజు నన్ను నిలబెట్టి తిడుతూ తిడుతూనే సారు రెండుసార్లు లేచి వెళ్లొచ్చాడమ్మా. పాపం, ఆయనకెవరు చెబుతారు?"

చిరునామా కాగితం వెనకవైపు రాశాను.