పందిరిలంకలో అమల్లో ఉన్న చట్టం

తాడేపల్లిగూడెం,
4 ఫిబ్రవరి 2008

ఏలూరులో ఇంజన్లు, జనరేటర్లు బాగుచేసే మిత్రులు అబ్దుల్ హమీద్ గారికి,

నేను దత్తాత్రేయుల్ని. మీ పెద్దమ్మాయి గుల్నాజ్‌కి ఇంటర్‌లో ఫిజిక్సు చెప్పినవాణ్ణి. రిటైరయ్యాక విశ్రాంతి తీసుకోమని మా ఆవిడ జయశ్రీ చెప్పింది. వినకుండా స్వచ్ఛ ఇంధన చట్ట సాధన సమితి పెట్టాను. సభ్యులం ఏడుగురం. మీటింగులకి వచ్చేది ముగ్గురం. అందులో ఒకాయన కాఫీ కోసం వస్తారు.

మా అర్జీలో మూడే అంశాలు. ఒకటి, కిరసనాయిలు వాడకం మానాలి. రెండు, డీజిల్ ఇంజన్లు ఆపాలి. మూడు, వాటి బదులు ఎండతోనూ గాలితోనూ నడిచే సాధనాలు ప్రభుత్వమే ఇవ్వాలి. ఇలా చట్టం చేయమని పార్లమెంటుని అడుగుతున్నాం. భూమి వేడెక్కి వానలు గతి తప్పితే ముందు మునిగేది కొల్లేరు పల్లపు ఊళ్ళే కనుక, అక్కడివాళ్ళ సంతకాలుంటే అర్జీకి బరువుంటుంది. ఇంజన్ల పని మీద మీరు వారం వారం పందిరిలంక వెళ్తారని గుల్నాజ్ చెప్పింది. ఒక వెయ్యి సంతకాలు తెచ్చిపెట్టగలరా? మార్చి నెలాఖరులోగా అర్జీ ఢిల్లీ చేరాలి.

డీజిల్ ఇంజన్లు బాగుచేసే మిమ్మల్నే ఇది అడగడం బాగుండదని తెలుసు. అడగడానికి ఇంకెవరూ మిగల్లేదండి.

మొహమాటపడుతూ,
దత్తాత్రేయులు

తా.క.: సంతకానికి ముందు అర్జీ పూర్తిగా, గట్టిగా చదివి వినిపించండి. పోయినసారి తణుకులో చదవకుండా పెట్టించాం. సగంమంది రేషను కార్డుల కోసం అనుకున్నారు.

---

ఏలూరు,
13 ఫిబ్రవరి 2008

మాష్టారు గారికి అబ్దుల్ హమీద్ సలాములు.

మీ పేరు చెబితే గుల్నాజ్ ఇప్పటికీ లేచి నిలబడుతుందండి. అందుకని కాదనలేకపోయాను. నిన్న పందిరిలంక వెళ్ళాను. అర్జీ అనగానే ఊరి పెద్ద రాజరత్నం గారు, "ఏదైనా చదవాలంటే చెరువు గట్టు మీద, ఊరందరి ఎదుటా చదవాలండి" అన్నారు. టముకు వేయించారు. అందరూ వచ్చి కూర్చున్నారు. నిలబడి చదివాను. రెండో అంశం దగ్గర నా గొంతు నాకే వినబడలేదు. "వినబళ్ళేదండీ" అని వెనక నుంచి అరిచారు. ఇరవై రెండేళ్ళుగా డీజిల్ ఇంజన్ల మీద బతుకుతున్న నేను, వాటిని ఆపాలని రెండుసార్లు చదివాను.

వాళ్ళలో వాళ్ళు కాసేపు మాట్లాడుకున్నాక రాజరత్నం గారు సంతకం పెట్టారు. అందరూ లేచి వెళ్ళిపోయారు. మిగతా సంతకాల సంగతేవిటండీ అని వెంటపడితే, "పెద్ద పెట్టాక ఇంకొకరు పెడితే పెద్దని నమ్మనట్టే కదండీ" అన్నారు. అక్కడి పద్ధతి అదేనట. గట్టు మీద చదివి పెద్ద సంతకం పెడితే ఊరంతా పెట్టినట్టే. పద్నాలుగు వందలమంది ఉన్న ఊరి నుంచి మీకు ఒక్క సంతకం తెచ్చాను. దీంతో జతచేస్తున్నాను.

తలొంచుకుని,
అబ్దుల్ హమీద్

తా.క.: ఇది ఎప్పటి నుంచి అమలండీ అని రాజరత్నం గారు అడిగారు. నాకు తెలీదన్నాను. మీరు రాస్తే చదివి వినిపిస్తానని చెప్పాను.

---

తాడేపల్లిగూడెం,
18 ఫిబ్రవరి 2008

హమీద్ గారికి నమస్కారం.

ఆ ఒక్క సంతకం చూసి జయశ్రీ నవ్వింది. ఢిల్లీవాళ్ళు నవ్వను కూడా నవ్వరు, పక్కన పడేస్తారు. ఊరు ఊరంతా ఒక సంతకమంటే లెక్కలోకి రాదండి. దయచేసి మళ్ళీ వెళ్ళి ఒక్కొక్కరి చేతా పెట్టించండి.

ఎప్పటి నుంచి అమలని అడగడమేవిటండీ? అర్జీలో చివరి వాక్యం చూడమనండి. "వెంటనే అమలు కావాలి" అని స్పష్టంగా ఉంది. పదేళ్ళుగా అదే కదా మొత్తుకుంటున్నాను. వెంటనే అంటే వెంటనే!

విసుగుతో, అయినా మీ మీద కాదు,
దత్తాత్రేయులు

తా.క.: కరెంటు పోయింది. కిరసనాయిలు దీపం పెట్టుకుని రాస్తున్నాను. ఈ ముక్క మాత్రం అక్కడ చదవకండి.

---

ఏలూరు,
3 మార్చి 2008

మాష్టారు గారికి సలాములు.

మీ ఉత్తరం గట్టు మీద చదివానండి, తాజా కలం తప్ప. "వెంటనే అంటే వెంటనే" అన్నచోట రాజరత్నం గారు తలూపారు. వారం తిరిగి వెళ్ళేసరికి ఊళ్ళో ఇంజన్ల చప్పుడు లేదు. పదకొండు ఇంజన్లనీ బడి వరండాలో వరసగా పెట్టి టార్పాలిన్ పట్టాలు కప్పేశారు. మీ చట్టం పందిరిలంకలో అమల్లోకి వచ్చేసిందండి.

ఊరి పొలిమేర లోపల తప్పినవాళ్ళకి జరిమానా కూడా ఉంది. పది తట్టల మట్టి మోసి గట్టు మీద వేయాలి. మొదటి జరిమానా టీ కొట్టు దానమ్మ గారికి పడింది, కిరసనాయిలు స్టవ్వు వెలిగించినందుకు. ఆవిడ కిక్కురుమనకుండా మోసేశారు. మోసినప్పటి నుంచి ఊళ్ళో ఇంకెవర్నీ వదలడం లేదు. ఆవిడే ఊరంతా తిరిగి పట్టిస్తున్నారు.

సంతకాలు మళ్ళీ అడిగాను. "అమల్లో ఉన్నదానికి మళ్ళీ సంతకమేవిటండీ?" అన్నారు.

ఏం పాలుపోని,
అబ్దుల్ హమీద్

తా.క.: దానమ్మ గారు ఇప్పుడు ఊక పొయ్యి మీద టీ కాస్తున్నారు. వీధంతా పొగ, ఎదురుగా ఉన్న మనిషి కనబడ్డం లేదు. అర్జీలో ఊక ఊసు లేదు కనుక తప్పు కాదంటున్నారు. నిజమేనాండి?

---

తాడేపల్లిగూడెం,
8 మార్చి 2008

హమీద్ గారూ,

కుశల ప్రశ్నలకి ఓపిక లేదు, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అది చట్టం కాదండీ! చట్టం చేయండి బాబూ అని అడిగే కాగితం. పార్లమెంటులో చర్చ జరగాలి, ఓట్లు పడాలి, రాష్ట్రపతి సంతకం పెట్టాలి. అమలు చేయకపోవడం కూడా ఆ తర్వాతే మొదలవుతుంది.

మూడో అంశం కింద ఎవరూ ఏమీ ఇవ్వకుండా మొదటి రెండూ ఎలా నడుస్తాయి? ఎండలు ముదురుతున్నాయి, నీళ్ళెలా తోడుతున్నారు? ఇంజన్లు తిప్పుకోమని నా మాటగా చెప్పండి. నా మూలాన ఒక్క చేను ఎండినా నాకు నిద్ర పట్టదు.

కంగారుగా,
దత్తాత్రేయులు

తా.క.: ఊక సంగతి మేం ఆలోచించలేదు. పదేళ్ళలో ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. దానమ్మ గారు మా సమితిలో చేరతారేమో కనుక్కోండి.

---

ఏలూరు,
22 మార్చి 2008

మాష్టారు గారికి సలాములు.

మీ మాటగా చెప్పానండి. రాజరత్నం గారు, "గట్టు మీద చెప్పిన మాట గట్టు మీదే వెనక్కి తీసుకోవాలండి. అదీ చెప్పించినవారే రావాలి" అన్నారు. నేను చదివినవాణ్ణే గాని మాట మాత్రం మీదేనట. మీరొచ్చి అందరి ఎదుటా "ఉత్తినే అన్నాను" అంటే చాలట. ఆ సాయంత్రమే ఇంజన్లు తిప్పుకుంటారు.

ప్రస్తుతానికి చేలు ఎండలేదండి. గూడలు వేసి చేత్తో తోడుతున్నారు. భుజాలు పట్టేసి ఊళ్ళో ఎవరూ చెయ్యెత్తి దణ్ణం పెట్టడం లేదు. నా సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. నెల్లాళ్ళుగా అక్కడ నాకు పని లేదు. పక్క లంకలవాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్తున్నారట. వాళ్ళూ మొదలెడితే నేను షాపు మూసుకోవలసిందే. ఈ వయసులో ఇంకేం పని నేర్చుకోనండీ? "మాష్టారికి రాశారా?" అని మా ఆవిడ రహీమా రోజూ అడుగుతోంది. ఇదిగో, రాశాను. దయచేసి ఒక్కసారి రండి. ఒక్క మాట అనండి.

మీ మీద గౌరవం తగ్గని,
అబ్దుల్ హమీద్

తా.క.: దానమ్మ గారు సమితిలో చేరతారట. తప్పు చేసిన సభ్యులకి అక్కడ ఎన్ని తట్టలని అడిగారు.

---

తాడేపల్లిగూడెం,
5 ఏప్రిల్ 2008

హమీద్ గారికి,

ఉన్న సంతకాలతోనే అర్జీ ఢిల్లీ పంపాం. జవాబుగా అచ్చేసిన కార్డు వచ్చింది. మీ అర్జీ అందినది, సంబంధిత శాఖకు పంపబడినది అని. ఏ శాఖో రాయవలసిన చోట ఖాళీ వదిలేశారు. అరగంటసేపు ఆ ఖాళీనే చూస్తూ కూర్చున్నాను.

అలిసిపోయానండి. లోకానికేదో మేలు చేద్దామని బయల్దేరి, చివరికి ఎదురుగా ఉన్న మీ ఒక్కరి పొట్ట కొట్టాను. పదమూడో తేదీ ఆదివారం వస్తాను. ఆ ఒక్క మాటా అనేస్తాను. తర్వాత సమితి కూడా మూసేస్తాను. మీరు మాత్రం గట్టు మీద నాకెదురుగా నిలబడండి. మీ ముఖం చూస్తే అనగలను.

ఇక చాలనుకున్న,
దత్తాత్రేయులు

తా.క.: "ఉత్తినే అన్నాను" అని అద్దం ముందు నాలుగుసార్లు అని చూసుకున్నాను. జయశ్రీ విని, మీటింగుల్లో ఇంతకంటే బాగా మాట్లాడేవారు అంది.

---

తాడేపల్లిగూడెం,
15 ఏప్రిల్ 2008

హమీద్ గారికి, తప్పు చేసిన దత్తాత్రేయులు.

మీకు జ్వరమని కబురొచ్చింది. ఒక్కణ్ణే ఏలూరులో డీజిల్ ఆటో మాట్లాడుకుని తిన్నగా చెరువు గట్టు దగ్గర దిగాను. దిగీ దిగగానే దానమ్మ గారు నా కాళ్ళ దగ్గర తట్ట పెట్టారు. "ఆటో డీజిలేనాండి? పొలిమేర లోపలికే వచ్చిందాండి?" అన్నారు. రెండూ నిజమే. అరవై తొమ్మిదేళ్ళ వయసులో పది తట్టల మట్టి మోశాను. మూడో తట్టకి, "ఇది అసలు చట్టమే కాదండీ!" అని అరిచాను. "తట్ట దింపి మాట్లాడండి, బరువు మీద ఆయాసపడకూడదు" అన్నారావిడ.

తర్వాత రాజరత్నం గారు మంచినీళ్ళిచ్చి, చెప్పండన్నారు. ఊరంతా కూర్చునుంది. "నేను పంపింది అర్జీయేనండి, చట్టం కాదు" అన్నాను.

"ఆ సంగతి మొదటిరోజే తెలుసండి" అన్నారాయన. "పదిహేనేళ్ళు పంచాయతీ మెంబరుగా చేశాను. అర్జీకీ చట్టానికీ తేడా తెలీదాండి? రెండేళ్ళ కిందట కొల్లేరుని కాపాడాలని మా చేపల చెరువులు కొట్టేశారు. అదీ చట్టమేనన్నారు. దాన్ని మాకెవరూ చదివి వినిపించలేదు. పొక్లెయిన్లు వచ్చాకే తెలిసింది. మీరు చదివించారు. ఇష్టమైతేనే సంతకం పెట్టమన్నారు. అందుకని ఇది మాదనుకున్నామండి. ఇప్పుడు ఉత్తిదంటారా, అనండి."

హమీద్ గారూ, పదేళ్ళలో నా మాట విన్నది ఆ ఒక్క ఊరు. వాళ్ళ ముఖం మీద ఉత్తినే అన్నానని ఎలా అనను? అనకుండానే లేచి వచ్చేశాను. పొలిమేర దాకా నడిచి అవతల బస్సెక్కాను. బస్సులో మీరు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మీకిచ్చిన మాట తప్పాను. ఏం చేస్తే తీరుతుందో మీరే చెప్పండి. ఈసారి తప్పకుండా చేస్తాను.

మీ ముందు తలెత్తలేని,
దత్తాత్రేయులు

తా.క.: చెయ్యి లేవక ఈ ఉత్తరం జయశ్రీ చేత రాయిస్తున్నాను. నవ్వుతూ రాస్తోంది. అక్షరాలు వంకరగా ఉంటే నా ఏడుపు అనుకోకండి.

---

ఏలూరు,
21 ఏప్రిల్ 2008

మాష్టారు గారికీ, రాసిపెట్టిన అమ్మగారికీ సలాములు.

మొన్న పందిరిలంక వెళ్ళాను. బడి వరండాలో ఒక ఇంజను పక్కనుంచి పంపు విప్పి, దానికి సైకిలు చక్రం బిగించి బెల్టు వేశాను. దానమ్మ గారు ఎక్కి తొక్కారు. నీళ్ళొచ్చాయండి. సన్నగానే, కానీ గూడ కంటే నయం. ఇంకో రెండు చేయమన్నారు. కొత్త పని కదా, ఇంకా చేతికి రాలేదు. బెల్టు జారిపోతోంది. ఇంజన్ల మీద వచ్చిన సంపాదన దీని మీద రాదు. రహీమా ఇంకా గొణుగుతూనే ఉంది. మూడో అంశం కింద ప్రభుత్వం ఏమిచ్చిందని పక్క లంకలవాళ్ళు అడిగితే, ఊళ్ళో వాళ్ళు నన్ను చూపిస్తున్నారు.

మీరు పది తట్టలని రాశారు. దానమ్మ గారి లెక్కకి ఏడే వచ్చాయట. మిగతా మూడూ వేసేదాకా సమితి మూయడానికి వీల్లేదని సభ్యురాలిగా చెప్పమన్నారు. రాజరత్నం గారు కూడా ఔనన్నారు. వచ్చేటప్పుడు బస్సులో వచ్చి పొలిమేర దగ్గరే దిగండి. నేను సైకిలు మీద వచ్చి తీసుకెళ్తాను.

నాకు మీరు తీర్చవలసింది ఏమీ లేదండి.

చేతులకి గ్రీజుతోనే,
అబ్దుల్ హమీద్

తా.క.: ఆదివారం నాకు జ్వరం లేదు మాష్టారూ. ఏలూరు బస్టాండు దాకా వచ్చాను. మీరు డీజిల్ ఆటో ఎక్కుతుంటే వద్దని కేకేద్దామనుకున్నాను గాని, జ్వరంతో పడుకున్నవాణ్ణి కదా, ఊరుకున్నాను. నేను ఎదురుగా ఉంటే మీరు ఆ మాట అనేసేవారు. గట్టు మీద ఆ అర్జీ చదివింది నేనండి.