నాన్న మాట నాన్నదే

సోమవారం
ఈ రోజు నుంచి నాన్న మాటను నేను పూర్తిచెయ్యను. ఒట్టు!

పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన నోట ఒక్కో మాటా గింజుకుంటూ వస్తోంది. మాట నేర్పే డాక్టరమ్మ "మీరేం పని చేస్తారండీ?" అని అడిగింది. ఇంటర్నెట్‌లో వెతికే సెర్చ్ పెట్టెలో జనం రెండక్షరాలు కొట్టగానే మిగతా ప్రశ్న కింద చూపించే పని అన్నాను. గర్వంగానే.

"ఆ పని ఆఫీసులోనే వదిలేసి రండి. ఆయన మాట ఆయన్నే వెతుక్కోనివ్వండి."

అదెంత పని!

సాయంత్రం: నాన్న "కి... కి..." అన్నారు. పెదవి కొరుక్కుని ఊరుకున్నాను. "కిటికీ!" ఎగిరి గంతేశాను. కిటికీ తియ్యడం మరిచిపోయాను.

మంగళవారం
"దు..." అన్నారు. నాకు ఆఫీసు వేళవుతోంది. దుప్పటి కప్పాను. తల అడ్డంగా ఊపారు. ఇంకోటి కప్పాను.

మధ్యాహ్నం నా భార్య ఫోన్: "మామయ్య చెమటతో తడిసి ముద్దయ్యారు. ఆయన అడిగింది దువ్వెనట!"

తొందరలో జరిగింది. లెక్కలోకి రాదు.

బుధవారం
ఆఫీసులో మా పైఅధికారి అన్నాడు: "మనం పూర్తిచెయ్యం. నాలుగు చూపిస్తాం. ఎంచుకునేది వాళ్లు." ఆహా! అలాగైతే ఒట్టు చెడదు!

నాన్న "చె..." అనగానే వేళ్లు మడిచాను. "చెప్పులా? చెంచానా? చెవినొప్పా? చెత్తబుట్టా?"

ఆయన కళ్లు మూసుకున్నారు.

"చెల్లెలేమో. మీ మేనత్త ఫోన్ చేసి వారమైంది" అంది నా భార్య. నాన్న కళ్లు తెరిచి తలూపారు.

మా సెర్చ్ పెట్టె ఎక్కువమంది అడిగేదే ముందు చూపిస్తుంది. నాన్న ఆ ఎక్కువమందిలో లేరు.

గురువారం
ఎన్నిసార్లు నోరు జారానో రాయను.

శుక్రవారం
ఇంట్లో మేమిద్దరమే. నాన్న గట్టిగా "పా... పా..." అన్నారు.

"పాటా? పాత పేపరా? పాదం నొప్పా? పామా?"

పాము అన్నది నేనే. కుర్చీ ఎక్కిందీ నేనే.

నాన్న మంచం మీద ఎడమచేత్తో ఒక్కటి చరిచారు. "నోరు ముయ్యరా! పాలు... పొంగాయి!"

పొంగడమేమిటి, గిన్నె అడుగు మాడి బొగ్గయింది. మసిగుడ్డ పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. జబ్బు చేశాక ఆయన నోట వచ్చిన మొదటి నిండు వాక్యం!

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "శభాష్! మీరేం చేశారు?"

"నోరు ముయ్యలేదండీ."

"రేపటి నుంచైనా ముయ్యండి."

శనివారం
ఈ రోజు నుంచి నాన్న మాటను నేను పూర్తిచెయ్యను. ఈసారి నిజంగా ఒట్టు!

పొద్దున్నే నాన్న నా వైపు చూసి "మం..." అన్నారు. మంచివాడివి అనబోతున్నారు, నాకు తెలుసు. కిక్కురుమనకుండా కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది.

"మంచం... జరుపు."

జరిపాను. అప్పటిదాకా ఎండ సూటిగా ఆయన కళ్లలో పడుతోంది. పాపం, ఎంతసేపటి నుంచో!