పక్కింటి గాట్లోబ్, మన కొత్త కారు

నెకార్ లోయ,
అక్టోబరు, ఆదివారం.

ప్రియమైన ఇర్మాకు,

వోల్క్‌మార్ రాస్తున్నది. ఇక్కడ ఇల్లు, పిల్లి, నీ ఆపిల్ చెట్టు క్షేమంగానే ఉన్నాయి. నా సంగతి కింద రాస్తాను. అక్కడి సముద్రపు గాలికి నీ దగ్గు తగ్గి, దిండ్లు ఎత్తుగా పెట్టుకోకుండానే పడుకోగలుగుతున్నావని తలుస్తాను.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఈసారి ఇంత పొడుగు ఉత్తరం ఎందుకని అనుకుంటావు. నీ గొంతు వినగానే నాకు నోరు పెగలడం లేదు. పెగిలినా అబద్ధమే వస్తోంది. కాగితం మీదైతే చివరిదాకా చెప్పగలనేమోనని కూర్చున్నాను.

నువ్వు అడిగినవి ముందు చెప్తాను. బాయిలర్ బాగుచేయించాను. పిల్లి తింటోంది, కానీ నీ కుర్చీ దిగడం లేదు. శనివారాలు వాకిలి ముందు వీధి నేనే తుడుస్తున్నాను, ఎదురింటి ఆవిడకు వంక దొరకడం లేదు. ఆపిల్ పళ్ళు మాత్రం ఈ ఏడు ఎవరికీ పంచలేదు. రాలినవి రాలినట్టే కుళ్ళిపోతున్నాయి.

కారు ఎలా ఉందని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. కొనమని పట్టుబట్టింది నువ్వే కదా. "జీవితమంతా పరాయివాళ్ళ కార్లు నిమిరావు. ఒక్కటి మన వాకిట్లో నిలబెట్టు, అందులో నన్ను ఇంటికి తీసుకురా" అన్నావు, క్లినిక్‌కు వెళ్ళే ముందు. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు రంగు తనిఖీ చేసిన మనిషిని. దీపాల కింద నిలబడి, ధూళి కణమంత మచ్చ ఉన్నా వేలు పెట్టి చూపించేవాణ్ణి. తాళాలు అందుకున్న రోజున కూడా అలవాటు కొద్దీ మన కారు చుట్టూ తిరిగి వెతికాను. ఒక్క మచ్చ లేదు. చీకటి పడే ముందు ఆకాశానికుండే నీలం. లోపల తోలు వాసన. స్టార్ట్ చేస్తే ఇంజను అరవదు, గొంతు సవరించుకున్నట్టు చిన్నగా గురగురమంటుంది.

ఆ రోజు గాట్లోబ్ కూడా వచ్చాడు. ఆటోబాన్ హైవే మీద వేగ పరిమితి ముగిసిందన్న బోర్డు దాటగానే తొక్కాను. ముల్లు రెండువందల యాభై దగ్గరికి వచ్చేసరికి టోపీని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

"ఏరా, నా పింఛను మిగుల్చుదామని సర్కారుతో ఏమైనా మాట్లాడుకున్నావా?" అన్నాడు.

"భయమైతే దిగిపో" అన్నాను.

"దిగుతాలే. ఎక్కడో ఆపు ముందు, కాఫీ నీ లెక్కలో."

అంత నవ్వు నేను ఈ మధ్య నవ్వలేదు, ఇర్మా. నలభై ఏళ్ళుగా కంచెకు అటూ ఇటూ ఉన్నాం. అలాంటి రోజు మళ్ళీ రాదు.

నా ఉత్తరాల చివర నిన్ను ఆటపట్టిస్తూ గాట్లోబ్ ఒక వాక్యం రాసేవాడు. ఈ మధ్య ఎందుకు రాయడం లేదని రెండుసార్లు అడిగావు. కూతురు హైడ్రున్ దగ్గరికి వెళ్ళాడన్నాను. వెళ్ళలేదు. గాట్లోబ్ చనిపోయాడు. ఆయన్ని పడగొట్టింది నేనే.

ఆగస్టులో ఒక శనివారం ఉదయం కారు కడిగించుకుని వస్తున్నాను. మన సందులోకి తిరిగాను. వేగం ఏమీ లేదు, మనిషి నడకంత. ఎడమ పక్క చిన్న చప్పుడు. చెత్తడబ్బా అనుకున్నాను. దిగి చూస్తే గాట్లోబ్, మీద సైకిలు, చుట్టూ దొర్లిన రొట్టెలు. పట్టపగటి వెలుగులో, పక్కనుంచి వస్తున్న మనిషిని నేను చూడనే లేదు.

"అంత పెద్ద బండెక్కితే మాలాంటోళ్ళు కనబడమా ఏంటి?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తుంటి విరిగింది.

అంబులెన్సు వాళ్ళు ఎలా జరిగిందని అడిగారు. నేను నోరు తెరిచేలోపు "చక్రం జారింది, నేనే పడ్డాను. ఈయన ఆపి లేపాడు" అన్నాడు. ఆసుపత్రిలో మేమిద్దరమే ఉన్నప్పుడు ఎందుకలా చెప్పావని అడిగాను.

"ఇర్మాని ఇంటికి తేవాలి కదరా. నువ్వు కోర్టుల చుట్టూ తిరుగుతున్నావని తెలిస్తే ఆమెకి ఉన్న ఊపిరి కూడా ఆగిపోద్ది. ఊరుకో. ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి పో."

వెళ్ళాను. నీటికాసులట, గ్లాకోమా. చూపు అంచుల నుంచి చచ్చిపోతూ వచ్చింది, మధ్యది మాత్రం మిగిలింది. అందుకే రంగులో మచ్చ కనిపించేది, పక్కనుంచి వచ్చే మనిషి కనిపించేవాడు కాదు. పోయింది తిరిగి రాదన్నాడు. స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు.

గాట్లోబ్‌కు ఆపరేషను బాగానే జరిగింది. తరవాత ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. రోజూ వెళ్ళి సూపు తాగించేవాణ్ణి. పోయిన బుధవారం ఖననం చేశాం. తరవాత అందరం కాఫీ దగ్గర కూర్చున్నప్పుడు హైడ్రున్ నా చేయి పట్టుకుంది.

"బాబాయ్, నన్ను ఆ కార్లో స్టేషను దాకా దింపవా? నాన్నకి అదంటే ఎంత మోజో. ఫోన్ చేస్తే దాని మాటే."

దింపలేనని చెప్పాను. ఎందుకో కూడా చెప్పేశాను. ఆ అమ్మాయి చేయి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఇన్ని రోజులు పక్కన కూర్చుని సూపు తాగించావు. నాతో ఒక్క ముక్క అనలేదు."

"అనలేదమ్మా."

"నాన్న నిన్ను క్షమించే ఉంటాడు, ఆయన అంతే. నన్ను మాత్రం అడక్కు."

వానలో నడిచే వెళ్ళిపోయింది. గొడుగు ఇస్తానన్నా తీసుకోలేదు.

మర్నాడు పోలీసు స్టేషనుకు వెళ్ళాను. అక్కడున్న కుర్రవాడు, "పోయినాయనే తను పడ్డానని చెప్పాడు కదండీ, ఇప్పుడు మీకెందుకు ఇదంతా?" అన్నాడు. "ఆయన మంచివాడు కాబట్టి చెప్పాడు బాబూ, అది నిజం కాదు" అన్నాను. లైసెన్సు ఇచ్చేశాను. పరీక్షించాలని కారు లాక్కెళ్ళారు. తీసుకెళ్తుంటే నాకేమీ అనిపించలేదు. ఇంత కోరుకున్న వస్తువు పోతుంటే ఏమీ అనిపించనందుకే భయం వేసింది. కేసు నడుస్తుంది. ఏమవుతుందో తెలియదు.

గాట్లోబ్ నీ కోసం అబద్ధమాడాడని రాసింది, ఆ బరువు నీ మీద పెట్టడానికి కాదు. నువ్వు అడిగావు కాబట్టి, ఆయన గురించి ఇంకో అబద్ధం రాయలేక. డాక్టర్లు పంపించినప్పుడు రైల్లో రా, నీ చెల్లెల్ని తోడు తెచ్చుకో. లేదా ఆమె ఇంటికే వెళ్ళు. నేను తప్పుపట్టను.

ఇప్పుడు నాకు మిగిలిన చూపులో ఒకసారికి ఒక ముఖం పడుతుంది, అంతే. కిటికీలోంచి చూస్తే పక్కింటి తలుపు కనిపిస్తుంది, దాని పక్కన ఏముందో కనిపించదు. అదీ ఎన్నాళ్ళో డాక్టరు చెప్పలేనన్నాడు. ఉన్నంతలో నీ ముఖం చూడాలని ఉంది. అడిగే హక్కు ఉందో లేదో తెలియక, అడగకుండా రాస్తున్నాను.

ఇట్లు,
నువ్వు కాదనేంతవరకు నీ భర్త,
వోల్క్‌మార్