కుట్టు విప్పిన తర్వాత

బావగారికి,

ఆదివారం మీ చెల్లెల్నీ పాపనీ తీసుకొచ్చి దింపుతానని రాశారు. కోపం తెచ్చుకోకండి, ఇప్పుడే వద్దు.

ఆపరేషన్ అయినప్పటినుంచి నాకు మూర్ఛ ఒక్కసారి కూడా రాలేదు, అది నిజమే. మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్టను కోసేస్తే, ఒక పక్క పుట్టిన మూర్ఛ రెండో పక్కకు దాటదని డాక్టరుగారు చెప్పారు. దర్జీవాణ్ని కదా, "రెండు ముక్కల మధ్య కుట్టు విప్పడమేగా సార్" అన్నాను. ఆయన నవ్వారు. ఇక మీదట కబురు కూడా దాటదని నాకప్పుడు తట్టలేదు.

కుడిచెయ్యి చొక్కా గుండీలు పెడుతుంటే ఎడమచెయ్యి వెనకాలే విప్పుకుంటూ వస్తోంది. మొన్న నేను కుట్టిన జేబును అదే ఊడదీసింది. పోనీలే, నాలుగు రోజుల్లో దారికొస్తుంది అనుకున్నాను.

నిన్న మీ చెల్లెలు పంపిన పాప ఫోటోను కుడిచేత్తో పట్టుకుని, గోడకి ఎక్కడ తగిలిద్దామా అని చూస్తున్నాను. చూపు తిప్పేసరికి ఫోటోలో పాప మెడ దాకా కత్తిరించి ఉంది. కత్తెర ఎడమచేతిలో ఉంది. అది నేను తియ్యలేదు బావగారూ, ఒట్టు.

వెంటనే కత్తెరలన్నీ ఇనప్పెట్టెలో పడేసి తాళం వేశాను. తాళంచెవి కవర్లో పెట్టి మీకు పంపేద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అప్పుడది బల్ల మీదే, నా కళ్ల ముందే ఉంది.

ఇప్పుడు లేదు. ఎడమ పిడికిలి బిగిసి ఉంది. రాయడం ఆపి కుడిచేత్తో లాగి చూశాను, ఒక్క వేలూ కదల్లేదు.