సార్ తీసి కప్పిన శాలువా

ఆదివారం రాత్రి, అశోక్‌నగర్

"కోచింగ్ ఎగ్గొట్టనీకి దీనికి ఆ ముసలి సార్ ఒక సాకు" అని అమ్మ ఈరోజు కూడా పిన్నితో అంది. నాకు నిజంగా సైన్సు ఇష్టమని ఆమెకు ఎందుకు తోచదో.

పొద్దున చిక్కడపల్లిలో, ఆరుబయట, మా ఫిజిక్స్ సార్‌కు సన్మానం చేశారు. ఏళ్లుగా ఆదివారాలు గల్లీ పిల్లలకు ప్రయోగాలు చేసి చూపించిన మనిషి. శాలువా కప్పగానే ఆయన దాన్ని తీసి, అట్టపెట్టెకు సూదిబెజ్జం పెట్టి చేసిన కెమెరాలోకి చూస్తున్న పాప తలమీద కప్పారు.

"జర చీకటి గావాలె బిడ్డా. ఇప్పుడు చూడు."

"సార్, స్టేజీ మీద పెద్దోళ్లంత తలకిందులున్నరు!"

అందరూ నవ్వారు. తర్వాత సార్, చూపు ఆనడం లేదని, ఇక క్లాసులు చెప్పలేనని అన్నారు. దానికీ చప్పట్లు కొట్టారు. పిల్లలకు ఇకమీదట ఎవరు చెప్తారని ఒక్కరూ అడగలేదు.

వచ్చే ఆదివారం క్లాసు నేను చెప్తాను. కోచింగ్‌కు వెళ్లను.