నడుముకు కట్టిన గుడ్డ

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ ఫోటో ముందు వంటలన్నీ పెట్టి, నీ బిడ్డ రమ్యను తినడానికి పిలిచాను. ఎంతకీ రాలేదు. లోపలికి పోయి చూస్తే, పాత చీర చింపి నడుముకు బిగించుకుంటోంది. బీడీలు చుడుతూ మనిద్దరం కట్టుకునేవాళ్లం చూడు, అట్లాగే.

“గిట్ల కడితే పొట్ట కరుగుతది గద చిన్నమ్మా? అమ్మ గూడ కట్టేది. రెండు రోజుల సంది బువ్వ గూడ బంద్ చేసిన” అంది.

“నేను ఆర్నెల్లు కట్టిన బిడ్డా, చెమట తప్ప ఏం పోలే” అన్నాను. వినలేదు.

బావ దుబాయి నుంచి వచ్చేలోగా సన్నబడాలని నువ్వు తిండి మానేసిన సంగతి నాకొక్కదానికే తెలుసు. “ఎవ్వలకు చెప్పకు పిల్లా, నవ్వుతరు” అన్నావు. బీడీల కార్ఖానాకు పోతూ దారిలో నువ్వు పడిపోయి ప్రాణం విడిస్తే అందరూ ఎండదెబ్బ అన్నారు. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

ఇవాళ రమ్య చెయ్యి పట్టుకుని, నీ ఏడాదికని దుబాయి నుంచి వచ్చిన బావ ముందుకు తీసుకొచ్చాను. ఆయన ముందు నేనెన్నడూ మాట్లాడింది లేదు.

“అక్క ఎండకు పడిపోలే బావా. సన్నగ కావాలని తిండి మానేసింది. నాకెరికే, చెప్పలే.”

బావ తెల్లబోయాడు. “గట్లెందుకు చేసింది? నేనేమన్న అన్ననా?”

“అన్నవు బాపూ” అంది రమ్య. “ఫోన్ల నవ్వుకుంట, డ్రమ్ము లెక్కయినవేందే అన్నవు.”

 బావ తానే లేచి, పళ్లెంలో అన్నం కలిపి, రమ్య నోటికి ముద్ద అందించాడు.

నీకిచ్చిన మాట తప్పాను, అక్కా. రమ్య తిన్నది.